జ్ఞాపకం ఏ మెట్టు దగ్గర జారుతుంది?

(బెంగళూరులో తెలుగువారి సభలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరుసలవాళ్ళకు వినపడుతోందా? వినపడకపోతే చెయ్యెత్తండి. సరే.

ముందు ఒక చిన్న పని పెట్టుకుందాం. నేను కొన్ని మాటలు చదువుతాను. రాసుకోవద్దు, ఫోన్లు తియ్యొద్దు. ఊరికే వినండి. మంచం, దిండు, దుప్పటి, కునుకు, ఆవలింత, పరుపు, గురక, కల, రాత్రి, జోల, మెలకువ, అలసట. అంతే. వీటి సంగతి తర్వాత చూద్దాం.

"నాకు ఈమధ్య మతిమరుపు ఎక్కువైందండీ." పాతికేళ్ళ సాఫ్ట్‌వేర్ కుర్రాడూ ఇదే అంటాడు, డెబ్భై ఏళ్ళ పెద్దాయనా ఇదే అంటాడు. మాట ఒకటే. తలలో జరిగింది మాత్రం ఒకటి కాదు. ఒకరికి విషయం అసలు లోపలికే వెళ్ళలేదు. ఇంకొకరికి వెళ్ళింది, నిలవలేదు. మరొకరికి వెళ్ళింది, నిలిచింది, కావలసినప్పుడు బయటికి రావడం లేదు. నాలుగో రకం కూడా ఉంది. బయటికి వచ్చింది, కానీ జరిగినట్టుగా రాలేదు. ఈ నాలుగింటికీ చోట్లు వేరు, కారణాలు వేరు, చెయ్యవలసింది కూడా వేరు. అందుకని మతిమరుపు అన్నప్పుడల్లా మనం అడగవలసిన ప్రశ్న ఒకటే: ఏ మెట్టు దగ్గర?

మొదటి మెట్టు చూద్దాం. ఈ అంకెలు వినండి. 1, 9, 4, 7, 1, 9, 5, 6, 2, 0, 1, 4. ఎవరైనా తిరిగి చెప్పగలరా? కొందరు నవ్వుతున్నారు, వాళ్ళకు కిటుకు దొరికిపోయింది. 1947, 1956, 2014. స్వాతంత్ర్యం వచ్చిన ఏడు, ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన ఏడు, విడిపోయిన ఏడు. కిటుకు దొరకనివాళ్ళు పన్నెండు అంకెలతో అవస్థ పడ్డారు. దొరికినవాళ్ళు మూడు ముక్కలు పట్టుకున్నారు, అంతే.

అదే 1956లో జార్జ్ మిల్లర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, మనిషి ఒకేసారి మనసులో పట్టుకోగలిగినవి ఏడు, అటో ఇటో రెండు అని రాశాడు. తర్వాత 2001లో నెల్సన్ కోవన్ దాన్ని ఇంకా తగ్గించాడు. ముక్కలు కట్టుకునే వీలు, లోలోపల వల్లెవేసుకునే వీలు లేకుండా చేస్తే మిగిలేవి నాలుగే అన్నాడు. నాలుగు! మనం ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో స్టీరింగు పట్టుకుని, చెవిలో మీటింగు పెట్టుకుని సిల్క్ బోర్డు కూడలి దాటుతుంటామే, ఆ నాలుగు చోట్లూ అక్కడే నిండిపోతాయి. ఆ సమయంలో ఇంట్లోవాళ్ళు ఫోన్ చేసి "పెరుగు తెండి" అంటే "ఊఁ" అంటాం. ఇంటికి వెళ్ళాక మర్చిపోయానంటాం. మర్చిపోవడమేమిటండీ, గుర్తే పెట్టుకోలేదు కదా.

ఈ తాత్కాలికమైన పట్టు ఎంత బలహీనమో 1959లోనే ఒక ప్రయోగంలో తేలింది. మూడు హల్లులు చెప్పి, వెంటనే ఒక సంఖ్య నుంచి మూడేసి తగ్గిస్తూ లెక్కపెట్టమన్నారు. వల్లెవేసుకునే సందు దొరకలేదు. 18 సెకన్లయ్యేసరికి దాదాపు అంతా పోయింది. మూడే అక్షరాలు, 18 సెకన్లు. ఈ పట్టుకోవడమనే పనిలో ముఖ్యమైన పాత్ర నుదుటి వెనకుండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌ది. నిద్ర చాలకపోయినా, దిగులుగా ఉన్నా, రెండు పనులు కలిపి చేస్తున్నా ముందు దెబ్బతినేది ఇదే. నడివయసులోపు వాళ్ళు చెప్పే మతిమరుపు చాలావరకు ఈ మెట్టు దగ్గరిదే.

మరి అవధానులు ఎలా చేస్తారు? ఇక్కడ అష్టావధానం చూడనివాళ్ళు తక్కువే అనుకుంటాను. ఎనిమిది మంది పృచ్ఛకులు. ఒకరికి ఒక పాదం చెప్పి ఇంకొకరి దగ్గరికి వెళ్ళాలి. మధ్యలో గంటలు లెక్కపెట్టాలి, వ్యస్తాక్షరి చీటీల మీది అక్షరాలు పట్టుకోవాలి, అప్రస్తుత ప్రసంగం చేసేవాడికి జవాబివ్వాలి. చివర ధారణలో పద్యాలన్నీ ఏకబిగిన అప్పజెప్పాలి. నాలుగు చోట్లలో ఇదంతా ఎలా సరిపోయింది? సరిపోదు. అవధాని దాచుకునేది విడి అక్షరాలను కాదు. ఉత్పలమాల అంటే పాదానికి 20 అక్షరాలు, ఏది గురువో ఏది లఘువో ముందే ఖాయం. పదో అక్షరం యతి, రెండో అక్షరం ప్రాస. పాదం మొదలు గుర్తొస్తే తర్వాత రాగలిగిన మాటలు కొన్నే ఉంటాయి. ఛందస్సే సగం బరువు మోస్తుంది. మిగతా సగాన్ని ఏళ్ళ తరబడి సాధనతో దీర్ఘకాలిక జ్ఞాపకంలో కట్టుకున్న చట్రాలు మోస్తాయి. చదరంగం ఆటగాళ్ళ మీద చేసిన పరిశోధనల్లో కూడా ఇదే కనపడింది. నిజమైన ఆటలోని పావుల అమరికను క్షణాల్లో గుర్తుపెట్టుకునే మేటి ఆటగాడు, పావులను అడ్డదిడ్డంగా పేర్చి చూపిస్తే మామూలు మనిషికి దగ్గరగా వచ్చేస్తాడు. ఇందులో మానవాతీతమేమీ లేదు. ఇలా అన్నందువల్ల అవధానుల గొప్పతనం తగ్గదు, పెరుగుతుందనే నా ఉద్దేశం.

ఇక రెండో మెట్టు, నిలబెట్టుకోవడం. దీని గురించి మనకు ఎక్కువ నేర్పినవాడు ఒక రోగి. హెన్రీ మొలైసన్. బతికున్నంతకాలం శాస్త్ర పత్రాల్లో హెచ్.ఎమ్. అనే రాశారు. అమెరికాలో హార్ట్‌ఫర్డ్ ఊరు. మందులకు లొంగని మూర్ఛ. 1953లో, ఆయనకు 27 ఏళ్ళప్పుడు, విలియం స్కోవిల్ అనే సర్జన్ రెండు కణతల లోపలి భాగాలనూ తీసేశాడు. రెండు వైపులా, అది గమనించండి. మూర్ఛ తగ్గింది. కానీ ఆ రోజు నుంచి ఆయనకు కొత్త జ్ఞాపకం నిలవలేదు. ఇప్పుడే మాట్లాడిన డాక్టరు బయటికి వెళ్ళి తిరిగొస్తే కొత్త మనిషే. చిన్ననాటి సంగతులున్నాయి, మాట ఉంది, తెలివి ఉంది. అంకెలు చెబితే మనలాగే వెంటనే తిరిగి చెప్పేవాడు. అంటే మొదటి మెట్టు బాగానే ఉంది, రెండోది పోయింది.

బ్రెండా మిల్నర్ అనే శాస్త్రవేత్త ఆయన మీద చేసిన ఒక పరీక్ష చెప్పి తీరాలి. కాగితం మీద నక్షత్రం బొమ్మ. దాని గీతల మధ్య పెన్సిలు నడపాలి, చేతిని నేరుగా చూడకుండా అద్దంలోనే చూస్తూ. మొదట అందరికీ వంకరటింకరగా పోతుంది. హెచ్.ఎమ్.కీ అంతే. మూడు రోజులు చేయించారు. చెయ్యి చక్కగా కుదిరింది. "ఇది ఇంతకుముందు చేశారా?" అంటే, లేదు, ఎప్పుడూ చెయ్యలేదు! చేతికి వచ్చింది, మనిషికి తెలియదు. అంటే జ్ఞాపకం ఒకటి కాదు, ఒక చోట లేదు. సంఘటనలకు, విషయాలకు కావలసింది హిప్పోక్యాంపస్, దాని చుట్టుపక్కల భాగాలు. ఆయనకు చాలావరకు తీసేసింది వాటినే. స్కూటర్ నడపడం, వీణ మీద వేళ్ళు పోవడం లాంటి చేతివాటానికి కావలసినవి మెదడు అడుగున ఉండే బేసల్ గాంగ్లియా, వెనకుండే సెరిబెల్లమ్. భయానికి అమిగ్డలా. మొలైసన్ 2008లో పోయారు.

హిప్పోక్యాంపస్ అంటే రెండు కణతల లోపలా ఒక్కొక్కటి, నాలుగైదు సెంటీమీటర్ల పొడవున వంపు తిరిగి ఉంటుంది. ఇక్కడి మెదడు, మానసిక వ్యాధుల ఆసుపత్రి నిమ్హాన్స్‌లో మెదళ్ళ మ్యూజియం ఉంది కదా, చూడనివాళ్ళు ఒకసారి వెళ్ళండి, అక్కడ నిజం మెదడును చేత్తో పట్టుకుని చూడనిస్తారు. చూసింది, విన్నది, వాసన, చోటు, ఇవన్నీ కార్టెక్స్‌లో, అంటే మెదడు పైపొరలో, వేర్వేరు చోట్ల నడుస్తుంటాయి. అవన్నీ ఎంటోరైనల్ కార్టెక్స్ అనే ద్వారం గుండా హిప్పోక్యాంపస్‌కు చేరతాయి. లోపల మొదట డెంటేట్ జైరస్ అనే భాగం, తర్వాత సీఏ3, తర్వాత సీఏ1, మళ్ళీ కార్టెక్స్‌కు. డెంటేట్ పని వేరుపరచడం. మీరు రోజూ అదే బేస్‌మెంట్‌లో కారు పెడతారు. నిన్న పెట్టిన చోటు, ఇవాళ పెట్టిన చోటు కలిసిపోకూడదు కదా, అది చూసేది ఇదే. సీఏ3 పని దీనికి తిరగేత, చిన్న ముక్క అందితే మొత్తం రప్పించడం. వేపపువ్వు వాసన తగిలితే చాలు, ఎప్పటిదో ఒక ఉగాది పొద్దు వంటింటితో సహా లేచి నిలబడుతుందే, అలాగ.

ఇప్పుడు ఇంకా లోపలికి వెళదాం. కాస్త రసాయనం ఉంటుంది, ఓపిక పట్టండి. అసలు కథంతా ఇక్కడే ఉంది.

మెదడులో సుమారు 8,600 కోట్ల న్యూరాన్లు, అంటే నాడీకణాలు. ఒక్కొక్కదానికీ వేల కొద్దీ కలయిక చోట్లు, వాటినే సినాప్స్‌లంటారు. సంకేతం వచ్చినప్పుడు ఇవతలి కణం గ్లుటమేట్ అనే రసాయనాన్ని వదులుతుంది. అవతలి కణం మీద దాన్ని అందుకునే రిసెప్టర్లు రెండు రకాలు. మొదటిది ఆంపా. గ్లుటమేట్ తగలగానే తెరుచుకుంటుంది, సోడియం లోపలికి పోతుంది, కణం కొంచెం ఉత్తేజితమవుతుంది. రెండోది ఎన్‌ఎండీఏ. దీనికి గ్లుటమేట్ ఒక్కటే చాలదు. దీని రంధ్రంలో ఒక మెగ్నీషియం అయాన్ బిరడాలా దిగి ఉంటుంది. అవతలి కణం అప్పటికే బాగా ఉత్తేజితమై ఉంటేనే ఆ బిరడా ఊడుతుంది. రెండూ ఒకేసారి జరగాలన్నమాట. ఇటు గ్లుటమేట్ రావాలి, అటు కణం మేలుకుని ఉండాలి. అప్పుడే కాల్షియం లోపలికి వస్తుంది.

కాల్షియం ఎందుకంత ముఖ్యం? అది ఒక ఎంజైమును లేపుతుంది. దాంతో అక్కడికి మరిన్ని ఆంపా రిసెప్టర్లు వచ్చి చేరతాయి. రేపు అదే గ్లుటమేట్ వస్తే స్పందన పెద్దదిగా ఉంటుంది. ఆ కలయిక బలపడింది. కలిసి పనిచేసిన కణాల మధ్య బంధం గట్టిపడాలని డొనాల్డ్ హెబ్ 1949లోనే ఊహించాడు. 1973లో టిమ్ బ్లిస్, టెర్యే లోమో కుందేళ్ళ హిప్పోక్యాంపస్‌లో దాన్ని కొలిచి చూపించారు.

అయితే ఇప్పటిదాకా చెప్పింది గంటల లెక్క. రోజులు, ఏళ్ళు నిలవాలంటే సంకేతం కణం కేంద్రకం దాకా పోవాలి. అక్కడ క్రెబ్ అనే ప్రోటీన్ కొన్ని జన్యువులను పనిలోకి దించుతుంది, కొత్త ప్రోటీన్లు తయారవుతాయి, సినాప్స్ ఆకారమే మారుతుంది. కొత్త ప్రోటీన్లు తయారు కాకుండా మందు వేస్తే జంతువు ఆ పూటకు నేర్చుకుంటుంది, మర్నాటికి ఉండదు. ఎరిక్ కాండెల్ అప్లీసియా అనే సముద్రపు నత్త మీద ఈ పనంతా చేసి 2000లో నోబెల్ అందుకున్నాడు. ఆ నత్త న్యూరాన్లను గిన్నెలో పెంచి సెరటోనిన్ అనే రసాయనాన్ని ఒకసారి తగిలిస్తే బంధం కొన్ని నిమిషాలు బలపడింది. మధ్యలో విరామాలిస్తూ ఐదుసార్లు తగిలిస్తే ఒక రోజు దాటి నిలిచింది. విరామాలిస్తూ అన్నాను, ఆ మాట గుర్తుంచుకోండి. పిల్లల చదువు దగ్గర మళ్ళీ కావాలి.

తర్వాత నిద్ర. రాత్రి తొలి సగంలో గాఢనిద్ర ఎక్కువ. అప్పుడు హిప్పోక్యాంపస్ పగటి సంఘటనలను చాలా వేగంగా మళ్ళీ ఆడిస్తుంది. ఎలుక ఏ చోట్ల తిరిగితే ఏ కణాలు పనిచేశాయో, నిద్రలో ఆ కణాలే మళ్ళీ జతగా పనిచేయడం 1994లో విల్సన్, మెక్‌నాటన్ రికార్డు చేశారు. ఇలా ఆడీ ఆడీ, వారాలు నెలల్లో, ఆ అల్లిక కార్టెక్స్‌లోనే గట్టిపడుతుంది. హెచ్.ఎమ్.కు చిన్ననాటి సంగతులు మిగలడానికి కారణంగా చెప్పేది ఇదే. ఈ ఊళ్ళో రాత్రి షిఫ్టుల వాళ్ళు చాలామంది. పగలైనా సరే, చీకటి గదిలో, ఒకే విడతగా, రోజూ అదే వేళకు పడుకోండి. రెండు గంటలు ఇప్పుడు, రెండు గంటలు తర్వాత అంటే గాఢనిద్ర ముక్కలైపోతుంది.

ఒత్తిడి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే ఆ పని జరిగింది మన ఊళ్ళోనే. హెబ్బాళ దాటాక జీకేవీకే వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆవరణలో ఎన్‌సీబీఎస్ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఉంది. అక్కడ సుమంత్ర చటర్జీ బృందం ఎలుకలను రోజుకు రెండు గంటల చొప్పున పది రోజులు కదలకుండా ఉంచింది. హిప్పోక్యాంపస్ సీఏ3 కణాల కొమ్మలు కుంచించుకుపోయాయి. అమిగ్డలాలో? అక్కడ పెరిగాయి! తర్వాత 21 రోజులు విశ్రాంతి ఇచ్చారు. హిప్పోక్యాంపస్ కోలుకుంది. అమిగ్డలా మాత్రం వెనక్కి రాలేదు. ఒత్తిడి పోయాక చదువు మళ్ళీ ఎక్కుతుంది కానీ భయం వదలదు అని కొందరు అంటారే, దానికి పోలిన మాట ఎలుకలో కనపడింది. మనిషికి ఉన్నదున్నట్టు అన్వయించకూడదు, అది వేరే విషయం.

ఇప్పుడు మొదట చదివిన మాటల దగ్గరికి వద్దాం. విన్నవాటిలో "గురక" ఉందా? ఉంది. "కిటికీ" ఉందా? లేదు, అందరూ సరిగ్గా చెప్పారు. "నిద్ర" ఉందా? చేతులెత్తండి... చాలా చేతులు లేచాయి. లేదండీ! నేను నిద్ర అనే మాటే చదవలేదు. ఆ పన్నెండు మాటలూ దాని చుట్టూ తిరిగేవే, అందుకని మీ మెదడే దాన్ని చేర్చుకుంది. 1995లో రోడిగర్, మెక్‌డెర్మట్ ఇలాంటి జాబితాలతోనే పరీక్షించారు. చదవని ఆ కీలకమైన మాటను మొదటి ప్రయోగంలో 40 శాతం, రెండో దాంట్లో 55 శాతం సందర్భాల్లో జనం స్వయంగా రాశారు. తప్పు చేస్తున్నామన్న అనుమానం కూడా లేకుండా.

మొదట చెప్పిన నాలుగో రకం ఇదే. ఎందుకిలా? గుర్తుచేసుకోవడమంటే దాచిన వస్తువును తీసుకురావడం కాదు. ముక్కల నుంచి అప్పటికప్పుడు కట్టడం. కట్టేటప్పుడు ఖాళీలను అలవాటుతో పూరిస్తాం. ఇంకో సంగతి. తీసిన జ్ఞాపకం కాసేపు మెత్తబడుతుంది. 2000లో కరీమ్ నాడర్ బృందం, శబ్దానికి భయపడడం నేర్చిన ఎలుకలకు ఆ శబ్దం మళ్ళీ వినిపించి, వెంటనే అమిగ్డలాలో ప్రోటీన్ తయారీని ఆపే మందు వేసింది. పాత భయం పోయింది. ఆరు గంటలు ఆగి మందు వేస్తే ఏమీ కాలేదు. అంటే తీసిన ప్రతిసారీ మళ్ళీ గట్టిపరచాలి, ఆ సందులో మార్పులు దూరతాయి. అందుకే అన్నదమ్ములిద్దరూ ఒకే పెళ్ళి గొడవను రెండు రకాలుగా చెబుతారు. ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడుతూ ఉండకపోవచ్చు. సాక్షుల్ని పదేపదే ఒకే రకంగా ప్రశ్నించడం ఎందుకు ప్రమాదమో కూడా దీన్నిబట్టే తెలుస్తుంది.

తల్లిదండ్రులు ఎదురుచూస్తున్న భాగం ఇది. బయటికి తీయడం వల్ల జ్ఞాపకం మారుతుంది, నిజమే. బలపడేదీ దానివల్లే. 2006లో రోడిగర్, కార్పికీ విద్యార్థులకు ఒక పాఠం ఇచ్చారు. కొందరు రెండోసారి కూడా చదివారు. కొందరు పాఠం మూసి గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత చూస్తే మళ్ళీ చదివినవాళ్ళే ముందు, 81 శాతానికి 75. వారం తర్వాత? తిరగబడింది. మళ్ళీ చదివినవాళ్ళు 42, రాసి చూసుకున్నవాళ్ళు 56. అసలు చిక్కు ఆ ఐదు నిమిషాల దగ్గరే ఉంది. చదివిన వెంటనే అంతా వచ్చేసినట్టు అనిపిస్తుంది, పిల్లలు దాన్ని నమ్మి పుస్తకం పక్కన పెట్టేస్తారు. రంగు పెన్నులతో గీతలు కొట్టడం కూడా చాలావరకు ఇలాంటి సంతృప్తే.

కాబట్టి ఒక పాఠం చదివాక పుస్తకం మూసి, తెల్లకాగితం మీద పది నిమిషాలు గుర్తున్నది రాయించండి. తర్వాత పుస్తకం తెరిచి, వదిలేసినవి వేరే రంగుతో నింపించండి. మళ్ళీ ఎప్పుడు? పరీక్ష వారంలో ఉంటే మర్నాడు. నెలకు పైగా ఉంటే పది రోజులకు. ఏడాది ఉంటే మూడు వారాలకు. దీన్ని కొలిచి చూసిన పరిశోధనల్లో వచ్చిన విరామాలు దాదాపు ఇవే. సగం మర్చిపోయాక తీస్తే కష్టంగా ఉంటుంది, పిల్లలు విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి. ఎక్కాలు వల్లెవేయడాన్ని నేను తీసిపారేయను, అదీ బయటికి తీయడమే. పుస్తకం చూస్తూ వల్లెవేస్తే మాత్రం అంత ఫలితం ఉండదు.

ఇక పెద్దవాళ్ళ సంగతి. డాక్టరు మూడు మాటలు చెప్పి ఐదు నిమిషాల తర్వాత అడుగుతారు. రాకపోతే "అదొక పండు" అని చిన్న సూచన ఇస్తారు. సూచనతో "ఆఁ, జామకాయ" అన్నారనుకోండి, లోపల ఉంది, తియ్యడమే కష్టమైంది. అంటే మూడో మెట్టు. వయసుతో, దిగులుతో, నిద్రలేమితో వచ్చేది ఎక్కువగా ఇదే. సూచన ఇచ్చినా ఏమీ రాకపోతే రెండో మెట్టు మీద అనుమానం. అల్జీమర్స్ మార్పులు తొలిదశలో పట్టుకునే చోట్లలో ఇందాక చెప్పిన ఎంటోరైనల్ కార్టెక్స్ ఒకటి, ద్వారమే అది. అందుకే పాత సంగతులు గడగడా చెబుతూ పొద్దున తిన్న ఉప్మా మాట ఎరగరు. తాళంచెవి ఎక్కడ పెట్టారో మర్చిపోతే కంగారు వద్దు. అడిగిన ప్రశ్నే పావుగంటలో నాలుగుసార్లు అడిగితే, తెలిసిన వీధిలో దారి తప్పితే, డబ్బు లెక్కలు తారుమారైతే చూపించండి.

చూపించేటప్పుడు బీ12, థైరాయిడ్ పరీక్షలు అయ్యాయో లేదో అడగండి. ఈ రెండూ సరిదిద్దగలిగినవి. పూర్తి శాకాహారులకు, ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ వాడే షుగర్ రోగులకు బీ12 తగ్గడం మామూలు. రోజూ వేసుకునే మాత్రల స్ట్రిప్పులన్నీ సంచిలో వేసుకుని వెళ్ళండి. నిద్రకని వేసే అల్ప్రజోలామ్, జలుబుకు వాడే కొన్ని పాతరకం మాత్రలు పెద్దవాళ్ళలో కొత్త జ్ఞాపకం పట్టకుండా చేస్తాయి. అలాగని మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకండి, అల్ప్రజోలామ్ అలా ఆపితే ప్రమాదం. తాగుడు ఎక్కువై తిండి మానేసినవాళ్ళకు థయామిన్, అంటే బీ1, అడుగంటి హెచ్.ఎమ్.ను తలపించే మతిమరుపు వస్తుంది. వాళ్ళకు ఆసుపత్రిలో గ్లూకోజ్ కంటే ముందు థయామిన్ పడాలి. గంటల్లో హఠాత్తుగా జ్ఞాపకం పోతే అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా నేరుగా ఎమర్జెన్సీకి.

చీటీ ఒకటి వచ్చింది. "సరస్వతి ఆకు తింటే జ్ఞాపకశక్తి పెరుగుతుందా?" ఇది తప్పకుండా వస్తుందనుకున్నాను. బ్రాహ్మి పేరుతో అమ్మేవి రెండు మొక్కలు. ఒకటి ఇక్కడ ఒందెలగ అని కట్టలు కట్టి అమ్మే ఆకు, మన సరస్వతి ఆకు. ఇంకొకటి బకోపా, నీటి దగ్గర పెరిగే చిన్న ఆకుల మొక్క. చిన్న చిన్న పరీక్షల్లో కొంత ఫలితం కనపడింది బకోపా సారంతో. అదీ రోజూ పన్నెండు వారాల పాటు తీసుకున్నాక, నేర్చుకున్నది నిలుపుకోవడంలో కొద్దిపాటి మెరుగు. పరీక్ష ముందు వారంలో మొదలుపెడితే లాభం లేదు. ఒందెలగ పచ్చడి చేసుకుంటారా, హాయిగా చేసుకోండి, రుచిగా ఉంటుంది. బీ12 తక్కువున్నవాళ్ళు మాత్రం దాంతో పాటు ఇంజెక్షనో మాత్రో వేసుకోండి, ఆ పని ఈ ఆకు చెయ్యదు. రెండో చీటీ ఇవ్వండి.